ట్రైనీ గమనించలేదు

అక్టోబరు 16

తను పోయి ముప్పై నాలుగు రోజులు.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. లాగ్ రాసే అలవాటు ఉంది. పదకొండేళ్ళు నిజం రైలు నడిపాను. ఆ తరవాత పంతొమ్మిదేళ్ళుగా శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. లాగ్‌లో సమయం రాయాలి, జరిగింది రాయాలి. అభిప్రాయాలు రాయకూడదు. ఇదీ అలాగే రాస్తాను.

ఉదయం 6.00. లేచాను. టీ పెట్టాను. రెండు కప్పులు. ఒకటి సింకులో పోశాను.

అక్టోబరు 19

డ్యూటీలో చేరాను. అందరూ నాతో ఆస్పత్రి వరండాలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ప్యాచ్ ఒక్కడే మామూలుగా ఉన్నాడు. ప్యాచ్ అంటే మా సాఫ్ట్‌వేర్ అతను. ఏ ఫిర్యాదు చేసినా వచ్చే నెల ప్యాచ్‌లో సరిచేస్తానంటాడు, అందుకని ఆ పేరు. నన్ను చూసి, గురువుగారూ, మీరు లేక మీ కుర్చీ కూడా చిక్కిపోయింది అన్నాడు. నవ్వాననుకుంటాను.

మా సిమ్యులేటర్ అంటే, నిజం ఇంజను క్యాబిన్‌ని కోసి తెచ్చి ఒక గదిలో పెట్టారు. అద్దాలుండే చోట తెరలు. తెరల మీద పట్టాలు, సిగ్నళ్ళు, స్టేషన్లు. ట్రైనీ లోపల కూర్చుని నడుపుతాడు. నేను వెనక గాజు గదిలో కూర్చుని ఫాల్ట్‌లు ఇస్తాను. వాన, పొగమంచు, తెగిన వైరు, పట్టాల మీద మనిషి. ఏది ఎప్పుడొస్తుందో ట్రైనీకి చెప్పకూడదు. అతని మొహం చూస్తూ ఫారం నింపాలి. సమయం, ఇచ్చిన ఫాల్ట్, ట్రైనీ స్పందన, ఇన్‌స్ట్రక్టర్ వ్యాఖ్య. నాలుగు గడులు. అడుగున ట్రైనీ సంతకం.

తప్పు జరిగితే రీసెట్ కొట్టి, సరిగ్గా అదే నిమిషం నుంచి మళ్ళీ నడిపించవచ్చు. ఈ గదికీ బయటికీ తేడా ఇదొక్కటే అని ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటిరోజు చెబుతాను. ఇవాళ చెప్పలేదు.

అక్టోబరు 21

ఎనిమిదేళ్ళ కిందట ఒకరోజు కేంద్రం చూడడానికి మా కుటుంబాలను రమ్మన్నారు. తనను క్యాబిన్‌లో కూర్చోబెట్టాను. మూడు స్టేషన్లు నడిపింది. దిగి, ఏమండీ, మీ ఊళ్ళో ఆరుగురే జనమా అంది.

నిజమే. ప్లాట్‌ఫారాల మీద నిలబడే బొమ్మలు ఆరే. అన్ని స్టేషన్లలోనూ వాళ్ళనే తిప్పితిప్పి నిలబెడతాడు ప్యాచ్. పంతొమ్మిదేళ్ళలో ఒక్క ట్రైనీ కూడా అడగలేదు. తను ఇరవై నిమిషాల్లో పట్టేసింది. వాళ్ళకి పేర్లు కూడా పెట్టింది. బట్టతలాయన, సూట్‌కేసు బావ, అలిగిన కోడలు. నీలం గొడుగు పట్టుకుని నిలబడే బొమ్మ గొడుగావిడ. పాపం, ఎండా లేదు వానా లేదు, ఆ గొడుగు దించమని చెప్పండి అంది.

ఆ ఇళ్ళ వెనక ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను. డ్రైవరు చూడని చోట ఏదీ గీయరు, కంప్యూటరుకు దండగ. తను, మన ఇల్లు కూడా అంతేగా, మీరు చూడని చోట ఏదీ ఉండదు అంది. వేళాకోళం అనుకున్నాను.

గడువు దాటిన ఫారాలు ఇంటికి తెచ్చేవాణ్ణి. వెనక వైపు తెల్లగా ఉంటుంది. సరుకుల చీటీకి పనికొస్తాయని తీసుకునేది.

అక్టోబరు 23

ఉదయం 8.05. మా ఇంటి ఎదుట బస్‌స్టాపులో ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. మబ్బుగా ఉంది. వాన లేదు. నీలం గొడుగు వేసుకుని నిలబడింది.

బస్సు వచ్చింది. ఎక్కలేదు.

అక్టోబరు 26

ఉదయం 8.05. అదే మనిషి. అదే గొడుగు.

అక్టోబరు 28

ప్యాచ్‌తో ఏమీ చెప్పలేదు. ఊరికే అడిగినట్టు అడిగాను, ఈ లోకమంతా ఎవరో నడుపుతున్న సిమ్యులేషనేమో అంటారు కదా, నువ్వు నమ్ముతావా అని. వాడికి ఇలాంటివి దొరికితే పండగే. టీ చల్లారేదాకా చెప్పాడు. ఏదో ఒకనాటికి మనమే ఇలాంటి లోకాల్ని లక్షలు తయారుచేస్తాం గురువుగారూ, అప్పుడు అసలు లోకం ఒకటి, నకిలీవి లక్ష, మనం ఆ ఒక్కదాంట్లోనే ఉన్నామని గ్యారంటీ ఏంటి అన్నాడు. లోపలున్నవాడికి ఎలా తెలుస్తుందన్నాను. పొదుపు చూడాలి అన్నాడు. చేసేవాడెవడైనా బద్ధకస్తుడే, నాలాగా. ఒకే మొహాన్ని నాలుగు చోట్ల వాడతాడు. ఒకే మాట నలుగురి చేత చెప్పిస్తాడు. చూడని చోట గీయడు.

నా మొహం చూసి ఆపేశాడు. సారీ సార్ అన్నాడు. వాడు నన్ను సార్ అనడం ఇదే మొదలు.

అక్టోబరు 31

మందుల షాపులో గొడుగావిడ. షాపు లోపల కూడా గొడుగు మడవలేదు.

నవంబరు 2

సెలవు. ఇల్లు సర్దాను. సర్దినవి, తేలినవి:

మా ఇంటికి తాళంచెవులు మూడు. రెండే ఉన్నాయి. మూడోది పోయిన చలికాలంలో తను కూరగాయల మార్కెట్లో పారేసుకుంది. తాళం మార్చాలని నేను గొడవ పెట్టాను. దొంగకి మన ఇల్లేదో ఆ చెవి చెబుతుందా అంది. మార్చనివ్వలేదు.

బల్ల మీద కాగితాలుంటే బోర్లా పెట్టడం నా అలవాటు. టీ మరకలు పడతాయని.

పాలు. ఈ ఏడాదంతా తరచూ విరిగేవి. తన చెల్లెలితో ఫోన్లో ఎప్పుడూ అదే గోడు, పాలు విరిగిపోయాయే అని. చివరికి నేనే పాలతన్ని నిలదీశాను. పదిహేనేళ్ళుగా పోస్తున్నవాడు. క్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. వేరే అతన్ని పెట్టాను. కొత్తవి కూడా విరిగేవి.

నవంబరు 4

ఈ బ్యాచ్‌లో ఒకామె ఉంది. టికెట్ల సెక్షన్ నుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఇవాళ పట్టాల మీద మనిషిని ఇచ్చాను. ఆమె బ్రేకు వేసింది గాని నింపాదిగా వేసింది. బొమ్మ మీద నుంచి బండి పోయింది. ఏమిటమ్మా అంటే, బొమ్మే కదా సార్ అని నవ్వింది.

గాజు గదిలోంచి లేచి వెళ్ళాను. ఇక్కడ కూర్చున్న ప్రతివాడికీ ఇది బొమ్మేనని తెలుసు అన్నాను. తెలిసీ నిజమన్నట్టు నడిపినవాడు పాస్. అంతే రూలు. గొంతు పెరిగినట్టుంది. బయట నుంచి ప్యాచ్ తొంగిచూశాడు.

నాకు నిజంగానే ఒకసారి జరిగింది. పంతొమ్మిదేళ్ళ కిందట. మలుపు తిరిగేసరికి పట్టాల మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. బరువైన బండి, ఆగడానికి ముప్పై సెకన్లు పట్టింది. ఆగదని నాకు మొదటి సెకనులోనే తెలుసు. మిగిలినవన్నీ చూస్తూ కూర్చోవడమే. ఆ తరవాత నిజం బండి ఎక్కలేదు.

నవంబరు 8

ఆదివారం. పరీక్ష పెట్టాను. ప్యాచ్ మాట ప్రకారం, డ్రైవరు చూడని చోట ఏదీ గీయరు. నేను వెళ్తానని నాక్కూడా తెలియని చోటికి వెళ్ళాలి. ఏదో బస్సెక్కాను. ఏదో స్టాపులో దిగాను. రెండిళ్ళ మధ్య సందులోంచి వెనక్కి వెళ్ళాను.

వెనక దండెం, విరిగిన కుర్చీ, గోడకి ఆనించిన అద్దం. అద్దం ముందు ఒక ముసలాయన గడ్డం గీసుకుంటున్నాడు. ఎవరు కావాలి బాబూ అన్నాడు. ఎవరూ వద్దండీ, వెనక ఏముందో చూద్దామని అన్నాను. మొహం మీద సబ్బు అలాగే ఉంచుకుని, హమ్మయ్య, మున్సిపాలిటీ నుంచి వచ్చారా అన్నాడు. కాదంటే వినలేదు. పావుగంట సేపు పూడిపోయిన డ్రైనేజీ చూపించాడు. మూడేళ్ళుగా అర్జీలు పెట్టి చేతులు పడిపోయాయట. రాసుకోండి రాసుకోండి అంటే జేబులో కాగితం తీసి రాసుకున్నాను.

అంత కంపు ఏ కంప్యూటరుకూ చేతకాదు. కాస్త తేలికపడి ఇంటికొచ్చాను.

నవంబరు 9

ప్యాచ్‌కి డ్రైనేజీ సంగతి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. మీరు సందులోకి తిరిగారని చూసి అప్పటికప్పుడు గీసేసి ఉంటారు గురువుగారూ అన్నాడు.

నవంబరు 11

లాగ్‌లో అభిప్రాయం రాయకూడదు. అందుకని చూసినవే రాస్తాను.

ఒకే మొహం: గొడుగావిడ, మూడుసార్లు. ఇప్పుడు గుర్తొస్తోంది, వేసవిలో కూడా మా మెట్ల మీద ఎదురైంది. పై వాటాకి వచ్చిందనుకున్నాను. పై వాటా అప్పటికి ఖాళీ.

ఒకే మాట: రక్తం తక్కువగా ఉంది, కంగారేం లేదు. డాక్టరు అన్నాడు. తను అంది. మరదలు అంది. మా అమ్మాయి ఫోన్లో అంది. నలుగురూ అవే మాటలు, అదే వరసలో. సెప్టెంబరులో జ్వరం వచ్చింది, ఆస్పత్రిలో తొమ్మిది రోజులు, అయిపోయింది. ఇన్ఫెక్షన్ అన్నారు. రక్తం తక్కువైన మనిషి కదా తట్టుకోలేకపోయింది అన్నారు. ఇదీ అందరూ అదే వాక్యం.

అమ్మాయి రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నావా నాన్నా, పడుకున్నావా నాన్నా, జాగ్రత్త నాన్నా. మూడే వాక్యాలు.

లోకం సంగతి నాకు తెలియదు. నా చుట్టూ ఉన్నంత మేర ఏదో ఒకటి నడుస్తోంది.

నవంబరు 13

ఒళ్ళు వెచ్చగా ఉండి సెలవు పెట్టాను. హాల్లో కూర్చున్నాను.

ఉదయం 10.30. వీధి తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. రెండుసార్లు తిప్పి, కాస్త ముందుకు లాగాలి, లేకపోతే తెరుచుకోదు. మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండు సెకన్లు నేనేమనుకున్నానో రాయను.

తలుపు తెరుచుకుంది. నీలం గొడుగు.

నన్ను చూసి ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. నేనే నీళ్ళిచ్చాను. మీరు డ్యూటీలో ఉంటారనుకున్నాను సార్, చెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోదామని వచ్చాను, బెల్లు కొట్టే ధైర్యం లేక నెలరోజులుగా మీ ఇంటి చుట్టూ తిరుగుతున్నాను అంది. చేతిలో మూడో తాళంచెవి. దానికి తను కట్టిన ఆకుపచ్చ దారం.

ఆవిడ నర్సు. ఆస్పత్రిలో నొప్పి తగ్గించే విభాగం నుంచి ఇళ్ళకి వెళ్ళి ఇంజక్షన్లు చేస్తుంది. ఎండపొడ, ట్యూబులైటు వెలుగు కూడా తగిలితే ఒళ్ళు దద్దుర్లు లేస్తుందట, అందుకు గొడుగు. పోయిన చలికాలం నుంచి మంగళవారం, శుక్రవారం, 10.30కి మా ఇంటికి వచ్చేది. అక్కయ్య లేవలేని రోజులుంటాయని ఆవిడకే ఒక చెవి ఇచ్చేసిందట. అక్కయ్య. ఆవిడ మా ఇంట్లో అక్కయ్య అని పిలిచేది, నేనెప్పుడూ వినలేదు.

క్యాన్సర్. పోయిన ఏడాది అక్టోబరులోనే తెలిసింది. అప్పటికే కాలేయం దాకా వెళ్ళింది. పదకొండు నెలలు.

మీకు తెలియకూడదని ఒట్టు వేయించుకుంది సార్, నా ఒక్కదాని చేతే కాదు, అందరి చేతా అంది. నేను ఉన్నప్పుడు ఏవో ఫారాలు రాసుకునేది, చదివి వినిపించి నవ్వేది, మా ఆయన చూస్తే ఉద్యోగం ఇస్తారు నాకు అనేది అంది. వెళ్తూ వెళ్తూ, మూడు నెలలు మిమ్మల్ని ఒక కంట కనిపెట్టమని చెప్పింది సార్, మీరు సన్నబడ్డారు అంది.

జ్వరం తగ్గింది.

నవంబరు 13, సాయంత్రం 6.00

మరదల్ని రమ్మన్నాను. బల్ల మీద తాళంచెవి చూసింది. అంతే, అడగకముందే ఏడుపు. దాని కడుపులో మాట దాగదని తను ఎప్పుడూ అంటుండేది. పదకొండు నెలలు దాచింది.

తిట్టండి బావా, కొట్టండి, నేను పడతాను, మా అక్కని మాత్రం ఏమీ అనకండి అంది. ఎందుకని అడిగాను. అక్క నాకేం చెప్పిందో అదే చెబుతాను అంది. పట్టాల మీద మనిషి కనబడ్డాక బండి ఆగేదాకా ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లు ఆయన్ని ఇన్నేళ్ళు తిన్నాయే. ఆగదని తెలిసి పదకొండు నెలలు చూస్తూ కూర్చోమని ఆయనకెలా ఇవ్వనే.

ఫోన్ సంగతి కూడా చెప్పింది. నేను ఇంట్లో ఉన్నప్పుడు రిపోర్టుల గురించి మాట్లాడకుండా ఒక గుర్తు పెట్టుకున్నారట. పాలు విరిగిపోయాయే అంటే, ఆయన పక్కనే ఉన్నారు అని.

నవంబరు 14

పాలు విరగలేదు. ఒక్కరోజు కూడా విరగలేదు.

నవంబరు 15

అమ్మాయి వచ్చింది. పొద్దున్నే బస్సు దిగి నేరుగా వచ్చింది. ఈ ఏడాది ఆఫీసు పని మీద మూడుసార్లు వచ్చావు కదా అన్నాను. ఆఫీసు పని లేదు నాన్నా అంది. నువ్వు డ్యూటీకి వెళ్ళాక అమ్మని స్కానింగ్‌కి తీసుకెళ్ళేదాన్ని, నువ్వొచ్చేసరికి ఇంట్లో ఉండేవాళ్ళం, ఒకసారి లేటయిపోతే సినిమాకి వెళ్ళామని చెప్పాం, నువ్వు కథ అడిగావు, అమ్మ అప్పటికప్పుడు కథ అల్లి చెప్పింది అంది.

ఆ కథ నాకు గుర్తుంది. బాగుంది. ఆఫీసులో ప్యాచ్‌కి కూడా చెప్పాను. వాడు ఆ సినిమా వెతుక్కుని దొరకలేదన్నాడు.

నాకు ముందే ఎందుకు చెప్పలేదు, తను పోయాకనైనా ఎందుకు చెప్పలేదు అన్నాను. చెప్పి ఏం చెయ్యను నాన్నా, అమ్మని తిరిగి తెచ్చేదా అంది. నువ్వు ఒక్కసారైనా గట్టిగా అడిగుంటే చెప్పేసేదాన్ని, నువ్వు అడగలేదు అంది. ఇదేదో నా తప్పన్నట్టు.

సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. బస్‌స్టాండుకి నేను వెళ్ళలేదు.

నవంబరు 18

పదకొండు నెలల్లో నవ్వింది. అలిగింది. కిటికీ తెరలకి రంగు నన్నే ఎంచమంది. నేను బూడిద రంగు అంటే, మీకు బూడిద తప్ప రంగు తెలియదా అని దెప్పి పసుపుది తెచ్చింది. వీటిలో ఏది తను, ఏది తను నాకు ఇచ్చిన సీను? ఎలా విడదీయాలి?

గాజు గదిలో తను కూర్చుంది. పక్కన డాక్టరు, మరదలు, అమ్మాయి, నర్సు. క్యాబిన్‌లో నేను. కిటికీలోంచి పసుపు తెరలు చూసుకుంటూ, అంతా బాగుందనుకుంటూ.

దొంగతనం జరిగితే పోలీసులుంటారు. దీనికి ఎవరున్నారు. నా పదకొండు నెలలు తీసుకున్నారు. నా భార్యతో నాకు మిగిలిన పదకొండు నెలలు. చెప్పి ఉంటే సెలవు పెట్టేవాణ్ణి. ఆస్పత్రిలో పక్కన కూర్చునేవాణ్ణి. మెట్ల మీద చెయ్యి పట్టుకునేవాణ్ణి. ఆ పనులన్నీ ఎవరో గొడుగావిడ చేసింది.

లోకం నకిలీ అయినా నాకు ఇంత కష్టం ఉండేది కాదు. అందరికీ నకిలీయే కదా అనుకునేవాణ్ణి. ఇది నా ఒక్కడికే చేశారు.

నవంబరు 20

ఫారాలు. నర్సు అన్న మాట ఇన్నాళ్ళూ చెవిలో గింగురుమంటోంది. ఇల్లంతా వెతికాను. చివరికి ప్యాచ్‌లా ఆలోచించాను. డ్రైవరు చూడని చోటు ఏది. కుట్టుమిషను కింద సొరుగు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తెరవలేదు నేను.

గుండీల డబ్బా కింద ఇరవై మూడు ఫారాలు. వెనక వైపు కాదు. ముందు వైపే రాసింది. నాలుగు గడులూ పద్ధతిగా నింపింది. ఇన్‌స్ట్రక్టర్ పేరు దగ్గర తన పేరు. ట్రైనీ పేరు దగ్గర నాది.

కొన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

నవంబరు 9. ఉ. 7.20. ఫాల్ట్: మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయాను. స్పందన: మెట్ల దగ్గర వెలుగు లేదంటూ ట్రైనీ కొత్త బల్బు వేశాడు. వ్యాఖ్య: ట్రైనీ గమనించలేదు. బల్బు బాగుంది.

జనవరి 3. ఫాల్ట్: జుట్టు రాలుతోంది. స్పందన: బాత్రూం జాలీ శుభ్రం చేసి, నీళ్ళ ట్యాంకు కడిగించాలన్నాడు. కడిగించాడు కూడా. వ్యాఖ్య: గమనించలేదు. ట్యాంకు మాత్రం కడగాల్సిందే.

ఫిబ్రవరి 17. ఫాల్ట్: నాలుగు కిలోలు తగ్గాను. స్పందన: బట్టలు వదులయ్యాయేమిటన్నాడు. మిషను కొత్త సూది అలాగే కుడుతోందన్నాను. నమ్మి సూది మార్చాడు. వ్యాఖ్య: గమనించలేదు. ఇంత అమాయకుడికి మూడు వేల టన్నుల బండి ఎవరిచ్చారు?

మార్చి 22. ఫాల్ట్: నొప్పి. అరవకుండా కుక్కర్ విజిల్ దాకా ఆగాను. స్పందన: పేపరు చదువుతున్నాడు. వ్యాఖ్య: ట్రైనీ గమనించలేదు.

ఈ చివరి దానికి జోకు లేదు.

ఇరవై రెండు చదివాను. ఇరవై మూడోది మే 14 తేదీది. దాన్ని చదవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

నవంబరు 21

ఇంతవరకు ఈ డైరీలో రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది.

బల్ల మీద కాగితాలు బోర్లా పెట్టడం నా అలవాటు కాదు. ఒక్కసారే పెట్టాను. మే 14, గురువారం. ఏసీ పాడై మమ్మల్ని ముందే పంపేశారు. ఇంటికొచ్చేసరికి బల్ల మీద ఆస్పత్రి కవరు. తను వంటింట్లో ఉంది. కవరు మీద ఆ విభాగం పేరు ఉంది. మందు పేరు ఉంది. చదివాను. సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కానివ్వలేదు. కవరు తిప్పి బోర్లా పెట్టాను. టీ పెట్టనా అని కేకేశాను.

ఆ మర్నాటి నుంచి రక్తం తక్కువైందన్న మాటనే పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. ఎవరూ నా వేళ్ళు విప్పకుండా. అమ్మాయి అన్నది నిజమే. నేను అడగలేదు.

ఇరవై మూడో ఫారం:

మే 14. మ. 3.40. ఫాల్ట్: కవరు బల్ల మీద మర్చిపోయాను. ఇది నేను ఇచ్చిన ఫాల్ట్ కాదు, నిజంగానే మర్చిపోయాను. స్పందన: ట్రైనీ చదివాడు. తలుపు సందులోంచి చూశాను. బోర్లా పెట్టాడు. టీ పెట్టాడు. చక్కెర రెండుసార్లు వేశాడు. వ్యాఖ్య: ఇది సిమ్యులేటరని ట్రైనీకి తెలిసిపోయింది. తెలిసీ నిజమన్నట్టు నడుపుతున్నాడు. పాస్.

ఆ తరవాత ఫారాలు లేవు. పరీక్ష అయిపోయిందని ఆపేసింది.

నవంబరు 22

నాకు తెలుసని తనకు తెలుసు. నాలుగు నెలలు. ఒకే బల్ల దగ్గర భోజనం, ఒకే మంచం. అది కూడా నాకు చెప్పలేదు. వీళ్ళందరూ కలిసి చేసినదానికన్నా ఇదే ఎక్కువ కోస్తోంది. నన్ను పాస్ చేసి, ఒంటరిగా వదిలేసింది. నేనూ తనను అలాగే వదిలేశాను. ఇద్దరం గాజు గదిలోనే కూర్చున్నాం. క్యాబిన్‌లో ఎవరూ లేరు.

నవంబరు 24

టికెట్ల సెక్షన్ ఆమెకి మళ్ళీ పట్టాల మీద మనిషిని ఇచ్చాను. కుర్చీలోంచి లేచి మరీ బ్రేకు వేసింది. బొమ్మకి చాలా ముందే బండి ఆగింది. బయటికొచ్చాక చేతులు వణుకుతున్నాయి. బొమ్మని తెలుసు సార్, చేతులకి తెలీదు అంది.

పాస్ రాశాను. సంతకం పెట్టమని ఫారం ఇచ్చాను.

నవంబరు 25

పాత పాలతని ఇల్లు వెతుక్కుని వెళ్ళాను. తప్పు నాదే, మీ పాలు ఎప్పుడూ విరగలేదు అన్నాను. తెలుసండీ, అమ్మగారు అప్పుడే వచ్చి చెప్పారు అన్నాడు. మీ ఆయన్ని ఏమీ అనుకోవద్దు, పాలు విరగలేదని నాకు తెలుసు, ఆయనకి తెలిసే దారి లేదు అన్నారట.

వీడు కూడా.

రేపటినుంచి పోస్తానన్నాడు. నేను గుమ్మంలోనే కాసేపు కూర్చుండిపోయాను. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చింది.

ఇంటికొచ్చి ఇరవై రెండు ఫారాల మీద ట్రైనీ సంతకం పెట్టాను. ఇరవై మూడోదాని మీద పెట్టలేదు. రీసెట్ కొట్టాలి.

మే 14, మధ్యాహ్నం 3.40

కవరు బల్ల మీద ఉంది. చదివాను. బోర్లా పెట్టలేదు. స్టవ్ వెలిగించలేదు. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఒకసారి ఇలా వచ్చి కూర్చో అన్నాను.

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కూర్చుంది.